చదువుల మధ్య తలనొప్పి: లెక్క రాసి అదుపు చేయడం ఎలా?

పరీక్షలు అయిపోయాయి. ఆలస్యంగా నిద్ర లేచారు. సరిగ్గా ఆ ఉదయమే తల పగిలిపోతోంది! ఒత్తిడి పెరిగినప్పుడే కాదు, అది ఒక్కసారిగా తగ్గినప్పుడూ మైగ్రేన్ రావచ్చు. కాబట్టి అన్నిటికీ చదువునే తిట్టుకోకుండా, ముందు మీది ఏ తలనొప్పో పోల్చుకోండి.

తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా నొక్కుతూ, మెట్లెక్కినా పెద్దగా పెరగని నొప్పి సాధారణంగా టెన్షన్ తలనొప్పి. మైగ్రేన్ తరచుగా ఒక పక్క పోటు పెడుతుంది, కదిలితే ఎక్కువవుతుంది. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. గత 3 నెలలను తలచుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు భరించలేకపోయారా? కడుపులో తిప్పిందా? ఒక రోజైనా చదువో పనో ఆగిందా? రెండింటికి అవునంటే మైగ్రేన్ కావచ్చు. నిర్ధారించాల్సింది మాత్రం వైద్యులే.

తర్వాతి పని లెక్క రాయడం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. నోటుబుక్కు చివరి పేజీ చాలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ పూట తినలేదు, ఎన్ని కాఫీలు తాగారు, ఏ మాత్ర వేసుకున్నారు, అమ్మాయిలైతే నెలసరి తేదీలు. కనీసం 8 వారాలు రాయండి. తొందరపడి ఏ తిండి మీదా నేరం మోపకండి. మైగ్రేన్ మొదలయ్యే ముందు కొందరికి ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, తీపి తినాలనిపిస్తుంది. అంటే మీరు చాక్లెట్ తినేసరికే నొప్పి బయలుదేరి ఉండవచ్చు.

కాఫీ సంగతి వేరు. పరీక్షల ముందు వారాల తరబడి రోజూ తాగి, సెలవుల్లో ఠక్కున మానేస్తే ఒక రోజు లోపే తల పట్టుకోవాల్సి వస్తుంది. కొద్దికొద్దిగా తగ్గించండి. సెలవు రోజైనా రోజూ లేచే వేళకే లేవండి.

మాత్ర వేసుకోవాలనుకుంటే నొప్పి ముదరకముందే, చీటీ మీద రాసిన మోతాదులోనే వేసుకుని, చీకటి గదిలో పడుకోండి. అయితే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ కోసమే ఇచ్చే మందులు) గానీ కెఫీన్ కలిసిన మిశ్రమ మాత్రలు గానీ 10 రోజులు చొప్పున 3 నెలలకు మించి వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. ఎన్ని మాత్రలు మింగారన్నది కాదు, ఎన్ని రోజులు మింగారన్నదే లెక్క. మీ నోటుబుక్కులో ఆ అంకె దగ్గరపడుతుంటే, పుస్తకం తీసుకుని వైద్యుల దగ్గరకు వెళ్లండి. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులు వేరే ఉన్నాయి. కళ్ల ముందు మెరుపు గీతలు కనిపించి ఆ తర్వాత నొప్పి వచ్చే అమ్మాయిలు, గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలతో వారికి పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చేయి చచ్చుబడటం, తలకు దెబ్బ తగిలాక పెరిగే నొప్పి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లెక్కలు రాస్తూ కూర్చోకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.