తిన్న రెండు మూడు గంటలకే వణుకు, చెమట: తేడా ఎక్కడ కొడుతోంది?

తినకపోతే నీరసం వస్తుందంటే అందరూ ఒప్పుకుంటారు. కడుపునిండా తిన్నాక వస్తోందంటే ఎవరూ నమ్మరు. నాకు అలా వచ్చిన రోజు గ్లూకోమీటర్‌లో స్ట్రిప్ పెట్టడం కూడా చేతకాలేదు. వేళ్ళు వణికి రెండు స్ట్రిప్పులు నేలపాలయ్యాయి. మూడోది 52 (మి.గ్రా./డె.లీ.) చూపించింది. తిని అప్పటికి రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలే అసలు ఆచూకీ. రియాక్టివ్ హైపోగ్లైసీమియా (తిన్న కొన్ని గంటలకే షుగర్ పడిపోవడం) ఉన్నవాళ్ళు షుగర్ పడ్డాక ఏం తినాలా అని మాత్రమే ఆలోచిస్తే సరిపోదు, అంతకుముందు పళ్ళెంలో ఏముందో గుర్తు చేసుకోవాలి.

సమస్య: తిన్న రెండు నుంచి నాలుగు గంటల్లో వణుకు, చల్లటి చెమట, గుండె దడ, ఆగలేనంత ఆకలి

కారణం: తీపి, మెత్తటి పిండిపదార్థాలు ఇట్టే అరిగిపోయి గ్లూకోజ్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది. కొందరిలో ఇన్సులిన్ కాస్త ఆలస్యంగా మొదలై, ఆ తర్వాత అవసరానికి మించి వస్తుంది. గ్లూకోజ్ దిగిపోయాక కూడా ఆ ఇన్సులిన్ పని ఆగదు. పడిపోతున్న షుగర్‌ని పైకి లాగడానికి శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది. ఆ వణుకూ దడా దానివే. డయాబెటిస్ ముందు దశలో ఉన్నవాళ్ళకూ ఇలా జరగొచ్చు కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే) పరీక్ష చేయించుకోవడం మంచిది.

అప్పటికప్పుడు: వీలుంటే ముందు మీటర్ చూడండి. 70 లోపు ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి. అంటే మూడు నాలుగు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి, లేదా 120 మి.లీ. పండ్లరసం. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఆ పావుగంట ఓపిక పట్టడమే కష్టం, కనిపించిందల్లా తినేయాలనిపిస్తుంది. బండి నడుపుతుంటే పక్కకు ఆపేయండి.

సమస్య: తీపి తినగానే తేరుకుంటున్నాను, గంటన్నరకు మళ్ళీ మొదలు

కారణం ఆ తీపే. పడిపోయిన షుగర్‌ని లేపడానికి తిన్నది మళ్ళీ ఇన్సులిన్‌ని లేపింది. తేరుకున్నాక గుడ్డో, పెరుగో, గుప్పెడు గింజలో, వాటితో కాస్త ముడిధాన్యమో తింటే ఈ గొలుసు తెగుతుంది. గ్లూకోజ్ తీసుకున్నాం కదా అని ఇది మానేస్తే ఆ రోజంతా ఇదే తంతు.

రోజూ తినే తిండి సంగతి

నాకు అన్నిటికంటే పనిచేసింది వరుస మార్చడం. ముందు కూరగాయలు, తర్వాత పప్పో గుడ్డో మాంసమో, చివర్లో పిండిపదార్థం. అదే పళ్ళెం, అవే పదార్థాలు, అయినా గ్లూకోజ్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఎంత మెల్లగా ఎక్కితే అంత మెల్లగా దిగుతుంది. పెద్ద భోజనాలను చిన్నవి చేసి మూడు నాలుగు గంటలకోసారి తినండి. పరగడుపున పండ్లరసం, తీపి పానీయాలు వద్దు. ఖాళీ కడుపుతో మద్యం అసలే వద్దు, తీపి కలిపితే ఇంకా ప్రమాదం.

సమస్య: లక్షణాలన్నీ ఉన్నాయి, మీటర్ మాత్రం 85 అంటోంది

డయాబెటిస్ లేనివారిలో 55 లోపు పడితేనే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. లక్షణాలు ఉండాలి, అదే సమయంలో షుగర్ తక్కువ ఉండాలి, షుగర్ పెరగగానే లక్షణాలు పోవాలి. ఈ మూడూ కలిస్తేనే రోగనిర్ధారణ. అలెన్ విపుల్ (Whipple) అనే అమెరికన్ సర్జన్ 1938లో చెప్పిన ఈ సూత్రమే ఇప్పటికీ ఆధారం. షుగర్ పడకుండానే ఇలా అయ్యేవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు, పై తిండి మార్పులు వాళ్ళకూ పనిచేయొచ్చు. కాఫీ తగ్గించి చూడండి.

మీటర్‌నీ పూర్తిగా నమ్మలేం. 100 లోపు అంకెల్లో 15 అటూ ఇటూ చూపించినా అది ప్రమాణాలకు లోబడినట్టే. వేలికి పండ్లరసం అంటి ఉంటే అంకె పెరిగిపోతుంది, చేతులు కడిగి ఆరబెట్టుకున్నాకే గుచ్చండి. చేతికి పెట్టుకునే గ్లూకోజ్ సెన్సర్ ఉంటే, నిద్రలో ఆ చేతి మీద పడుకున్నా లేనిపోని తక్కువ చూపిస్తుంది. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో ఏ జబ్బూ లేనివాళ్ళకీ షుగర్ పడొచ్చు. మామూలు భోజనం పెట్టి ఐదు గంటలపాటు రక్తం చూసే పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.

సమస్య: బరువు తగ్గే సర్జరీ తర్వాత మొదలైంది

తిండి పేగులోకి మరీ వేగంగా దిగిపోవడం దీనికి కారణం. తరచుగా సర్జరీ అయిన ఏడాది తర్వాతే బయటపడుతుంది. తిండి మార్పులు చాలకపోతే డాక్టర్లు అకార్బోస్ రాస్తారు. ఆ మాత్ర వాడేవాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి: అది చక్కెరను త్వరగా అరగనివ్వదు. షుగర్ పడినప్పుడు చక్కెర నోట్లో వేసుకుంటే వెంటనే పనిచేయదు, గ్లూకోజే తీసుకోవాలి.

సమస్య: పరగడుపున, నిద్రలో కూడా పడిపోతోంది

ఇది మనం మాట్లాడుకుంటున్న సమస్య కాదు. ఇన్సులిన్ వదిలే కణితి, కొన్ని మందులు, కాలేయం లేదా అడ్రినల్ గ్రంథి జబ్బులు, ఇలా వెతకాల్సినవి వేరే ఉన్నాయి. మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, చూపు మసకబారడం కనిపించినా అంతే, తిండి మార్చి చూద్దామని ఆగకండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. ఈ ముక్క ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో మీరు చెప్పలేరు.