పండగ ముందు తాళాల పనికి వెళ్లేవాళ్లకు

సంక్రాంతికి నెల్లూరు, ఒంగోలు ఇళ్లు నిండుతాయి. తలుపు లాక్ పడిపోయిందని ఫోన్లూ మొదలవుతాయి. సంచి సర్దేముందు చూసుకోండి:

• ఇల్లు వాళ్లదేనని తేలకుండా తాళం ముట్టుకోవద్దు. ఆధార్, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ల మాట, ఏదో ఒకటి అడగండి. కేసైతే ఆ కూలి ఏ మూలకూ రాదు.

• డిజిటల్ లాక్ చచ్చిపోయిందనగానే డ్రిల్ తీయకండి. చాలావాటికి అడుగున రెండు లోహపు చుక్కలుంటాయి. 9 వోల్టుల బ్యాటరీ ఆనించి, ఇంటివాళ్లనే పిన్ కొట్టమంటే తెరుచుకుంటుంది (మీరు అటు తిరగండి). కొన్నిటికి టైప్-సి ఉంటుంది, పవర్ బ్యాంక్ చాలు.

• సిలిండర్ (తాళంచెవి దూరే భాగం) మార్చాలంటే, దాన్ని బిగించే స్క్రూ మధ్య నుంచి రెండు వైపులా కొలత తీయండి. 70 మి.మీ. అంటే 35-35 కావచ్చు, 30-40 కావచ్చు.

• మైపాడు, కొత్తపట్నం ఉప్పుగాలికి బిగిసినవాటిలో కొబ్బరినూనె వద్దు, దుమ్ము పడుతుంది. తడి లేని టెఫ్లాన్ (PTFE) స్ప్రే వేయండి.