అంగారకుడి కథను డాబా మీద చెప్పాలంటే

వేసవి సెలవులకు మనుమరాలు హన్మకొండ వచ్చిందంటే రాత్రి డాబా మీద పక్కలేసుకొని కథ చెప్పాల్సిందే. రాజులు, రాక్షసులు అన్నీ అయిపోయినంక ఎడ్గార్ రైస్ బరోస్ రాసిన 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' తీసిన. 1912లో అమెరికా పత్రికల సీరియల్‌గా వచ్చి, 1917లో పుస్తకమైంది. పాత పుస్తకాలుండే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్ల ఉచితంగా దొరుకుతది. 28 అధ్యాయాలు, నాకు పన్నెండు రాత్రులు పట్టింది.

పుస్తకం ఎక్కడ మొదలైతే మీరు అక్కడ మొదలుపెట్టకండి. కథానాయకుడు జాన్ కార్టర్ అమెరికా అంతర్యుద్ధంల బానిసత్వాన్ని కాపాడుకోజూసిన దక్షిణాది వైపు కొట్లాడినోడు. అరిజోనాల ఆయన వెంటపడే అపాచీలనేమో బరోస్ ఉత్త క్రూరుల్లెక్క రాసిండు. ఆ ముచ్చట పిల్ల పెద్దయినంక కూసోని మాట్లాడుకునేది. "ఒకాయన గుహల సొమ్మసిల్లి, కండ్లు తెరిస్తే అంగారకుడి మీదున్నడు" అంటే చాలు. ఎట్ల పోయిండో పుస్తకంల కూడా సరిగ్గ లేదు.

మొదటి రాత్రి ఆయన దుంకుడు మీదనే గడపండి. అక్కడి ఆకర్షణ మన భూమిల 38 శాతమే. 25 కిలోల పిల్ల అక్కడి కాంటా ఎక్కితే తొమ్మిదిన్నర కిలోలు చూపిస్తది. అందుకే కార్టర్ నడువబోతే ఎగిరి బోర్లపడతడు. పానభయంతోని దుంకితే ముప్పై అడుగులు లేస్తడు. అక్కడుండే ఆకుపచ్చ మనుషులకు అది మస్తు నచ్చి, "సక్!" అని మళ్ల దుంకుమంటరు. సక్ అంటే దుంకు. తెల్లారి మా పిల్ల మెట్ల మీద అదే పని.

కొలతలు అడుగులల్ల చెప్పకండి, ఇంటి మీద పెట్టి చూపించండి. పచ్చ మొగోళ్లు పదిహేను అడుగులుంటరు, నాలుగు చేతులు. "గా వాకిట్ల నిలబడితే వాని తలకాయ మన పిట్టగోడ మీదికెల్లి కనబడ్తది బిడ్డా" అన్న. పిల్ల అటే చూసుకుంట దుప్పటి గుంజుకున్నది.

వాళ్లు తిరిగేది ఎండిపోయిన సముద్రాల అడుగున. దీనికి పొద్దుగూకంగ ఏదన్న ఎండిన చెరువుల నడిపించుకొచ్చి, రాత్రి కథ చెప్పండి. వేరే వర్ణన అక్కర్లేదు. అక్కడి ఇంకో జాతి ఎర్ర మనుషుల పొలాలకు ధ్రువాల కాడ మంచు కరిగిన నీళ్లను పంపు చేస్తరు. మన దిక్కు శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువల వచ్చినట్టే అంటే ఇట్టే తెలిసింది. అంగారకుడి మీద కాలువలున్నయని అప్పట్ల పర్సివల్ లోవెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త గట్టిగ నమ్మిండు, తర్వాత అది తప్పని తేలింది. ఇది పొద్దున చాయ్ తాగుకుంట చెప్పే ముచ్చట. కథ నడుమ ఇరికిస్తే రెండూ చెడ్తయి.

పేర్లు మార్చకండి. కార్టర్ వెంట కుక్కలెక్క తిరిగే ఊలాకు నేను పులిగాడని పెట్టిన. "పది కాళ్లుంటే పులెట్లయితది తాతా?" అన్నది. రెండో రాత్రికే మళ్ల ఊలా అయింది. పచ్చ మనుషుల నాయకుడు టార్స్ టార్కస్, ఎర్ర మనుషుల రాజకుమారి డెజా థోరిస్, ఈ పేర్లు పిల్లల నోటికి మనకంటే తొందరగ తిరుగుతయి. అక్కడెవరూ బట్టలు కట్టుకోరు. ఆ సంగతి అసలే ఎత్తకండి. యుద్ధాలు చానా ఉంటయి, రెండు చెప్పి మిగిలినయి దాటేయండి.

ఆఖరి రాత్రి మాత్రం తొందరపడొద్దు. గాలి తయారుచేసే కర్మాగారం ఆగిపోతది, గ్రహమంతా ఊపిరాడక కొట్టుకుంటది. కార్టర్ పోయి దాని తలుపులు తెరిపిస్తడు, అక్కడే పడిపోతడు. లేచేసరికి మళ్ల అరిజోనా గుహలున్నడు. రాజకుమారి బతికిందా లేదా ఈ పుస్తకంల ఉండదు. నిద్ర ముంచుకొచ్చి నేను "బతికిందిలే, పండుకో" అన్న.

"ఆయన గుహలనే ఉన్నడు కదా తాతా, మరి నీకెవలు చెప్పిన్రు?"