కత్తిపీట తుప్పు కరెంటుతో వదిలించడం ఎలా?

విశాఖలో బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్ళలో ఇనుము ఎక్కువకాలం నిలవదు. ఉప్పుగాలికి పార, గునపం, కత్తిపీట అన్నీ ఎర్రబడతాయి. గరుకు కాగితంతో రుద్దితే పైపొర పోతుంది, గుంటల్లోది మిగిలిపోతుంది. యాసిడ్ పోస్తే తుప్పుతోపాటు మంచి ఇనుమునీ తినేస్తుంది, దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లూ పాడవుతాయి. అందుకే కరెంటు పద్ధతి.

ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల నీళ్ళు పోసి, మూడు పెద్ద చెంచాల చాకలి సోడా కలపండి. వంటసోడా వద్దు. ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్లకు వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టరు చాలు. కొత్త రకం బ్యాటరీ చార్జర్లు అవతల బ్యాటరీ ఉందని తెలిస్తేగాని కరెంటు ఇవ్వవు. పాత ఇనుము కొట్లో 8 ఎంఎం ఊచ ముక్కలు నాలుగు తెచ్చుకోండి. కత్తిపీట చెక్క ఊడదీసి, జిడ్డు కడిగేయండి.

ఇక అందరూ తప్పు చేసేది వైర్ల దగ్గరే. కత్తిపీటనీ ఊచలనీ బకెట్ నీళ్ళలో ఉంచి, అడాప్టరు మైనస్ వైరు క్లిప్పుతో కత్తిపీటకి, ప్లస్ వైరు క్లిప్పుతో ఊచలకి తగిలించండి. తిరగేస్తే ఊచలు బాగుపడి కత్తిపీట కరిగిపోతుంది. స్విచ్ వేశాక చూడండి: బుడగలు కత్తిపీట మీద ఎక్కువగా రావాలి. ఊచల మీద ఎక్కువగా వస్తుంటే వెంటనే ఆపండి. తుప్పు మీద క్లిప్పు పెడితే కరెంటు సరిగా పారదు, అక్కడ గీకి తళుక్కుమనే ఇనుము బయటపెట్టండి. ప్లస్ క్లిప్పు నీళ్ళలో మునగకూడదు, మునిగితే క్లిప్పే కరిగిపోతుంది. ఊచలు కత్తిపీట చుట్టూ ఉండాలి, దానికి మాత్రం తగలకూడదు. అడాప్టరు వేడెక్కితే ఊచలను కత్తిపీటకి ఇంకాస్త దూరం జరపండి.

ఊచల బదులు స్టీలు గరిటె పెట్టొద్దు, పెట్టొద్దు! తుప్పు పట్టదు కదా అని పెడతారు, కానీ స్టీలులోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి దిగుతుంది, అది క్యాన్సర్ కారకం. జింకు పూత రేకులూ వద్దు. సోడా బదులు ఉప్పు గానీ, ఊరికే దొరుకుతున్నాయని సముద్రపు నీళ్ళు గానీ వాడితే క్లోరిన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

కత్తిపీట మీది బుడగల్లో ఉన్నది హైడ్రోజన్, ఇట్టే మండే వాయువు. బకెట్ బాల్కనీలోనే ఉండాలి, మూత వేయకూడదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. క్లిప్పు కదపాలంటే ముందు స్విచ్ ఆపాలి, లేకపోతే అది అంటుకోవడానికి క్లిప్పు దగ్గర లేచే నిప్పురవ్వ చాలు.

అల్యూమినియం వస్తువులు ఈ నీళ్ళలో వేయకండి, కరిగిపోతాయి. స్ప్రింగులు కూడా వద్దు, హైడ్రోజన్ ఎక్కి పెళుసవుతాయి.

ఆరేడు గంటల్లో ఎర్ర తుప్పు నల్లటి బురదలా మారుతుంది. నైలాన్ బ్రష్షుతో తోమి, కడిగి, ఆ క్షణమే తుడవండి. ఇక్కడి ఉక్కపోతకు కాసేపాగినా మళ్ళీ ఎర్రబడుతుంది. తుడిచాక దాన్ని పొయ్యి మీద, ముట్టుకుంటే చేయి తాళేంత వరకే వేడి చేస్తే చాలు, ఇంకా కాలిస్తే పదును నిలవదు. వేడిగా ఉండగానే కొబ్బరినూనె రాయండి.

బకెట్ నీళ్ళు పారబోయకండి. సోడా ఖర్చు కాదు, తగ్గినంత నీళ్ళు పోసుకుంటే గునపానికీ పనికొస్తాయి.