బ్రిటన్‌లో ఇండక్షన్ హాబ్ కొంటున్నారా? ముందు కేబులు సంగతి చూడండి

ఇక్కడ ఇల్లు కొన్నాక మనవాళ్లు చాలామంది గ్యాస్ తీసేసి ఇండక్షన్ హాబ్ (వంటింటి గట్టులో బిగించే కరెంటు పొయ్యి) పెట్టించుకుంటారు. బ్రాండు, ధర, బర్నర్లు అన్నీ చూస్తారు గానీ, వంటింటి గోడలో ఏ కేబులుందో చూడరు.

మన దగ్గర గీజరుకీ ఏసీకీ 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు విడిగా ఉంటుంది. ఇక్కడ అలా ఉండదు. అన్నీ 13 ఆంపియర్ల సాకెట్లే, ఫ్యూజు ప్లగ్గులోనే ఉంటుంది. 230 వోల్టుల దగ్గర అది మోసేది సుమారు 3 కిలోవాట్లు. నాలుగు బర్నర్ల హాబ్‌కి 7.4 కిలోవాట్లని రాసి ఉంటే, అన్నీ ఫుల్లుగా పెట్టినప్పుడు 32 ఆంపియర్లు లాగుతుంది. అందుకే కన్స్యూమర్ యూనిట్ (ఇంట్లో బ్రేకర్లుండే మెయిన్ బోర్డు) నుంచి దానికి సొంత లైను కావాలి. ప్లగ్గుతోనే వచ్చే హాబ్‌లూ ఉన్నాయి, కానీ ఉన్న 3 కిలోవాట్లనే బర్నర్లకు పంచుతాయి. ఒక పక్క కుక్కరు, ఇంకో పక్క దోశ పెనం పెట్టే ఇంటికి నేనైతే వద్దంటాను.

ఆ లైనుకి బ్రేకరు (కరెంటు మితిమీరితే ట్రిప్పయ్యే స్విచ్చు) ఉన్నది ముఖ్యంగా కేబులుని కాపాడటానికి. లోడు కన్నా బ్రేకరు తక్కువ ఉండకూడదు, కేబులు మోయగలిగిన దానికన్నా ఎక్కువ ఉండకూడదు. ట్రిప్పవుతోందని 32 పీకేసి 40 వేయిస్తే ట్రిప్పవడం ఆగుతుంది, గోడలో కేబులు కాగుతుంది.

మామూలుగా 32 ఆంపియర్ల బ్రేకరుకి 6 స్క్వేర్ ఎంఎం ట్విన్ అండ్ ఎర్త్ కేబులు (రెండు కరెంటు తీగలు, ఒక ఎర్త్ తీగ ఉండే బల్లపరుపు కేబులు) వేస్తారు. గోడ మీద క్లిప్పులతో బిగిస్తే అది 47 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబులు వేడి ఆపే ఇన్సులేషన్ కూరిన స్టడ్ గోడలో (చెక్క ఫ్రేముకి పలకలు కొట్టిన బోలు గోడ), లోపలి పలకకు తగలకుండా వెళ్తే 23.5కి పడిపోతుంది! అప్పుడు 10 స్క్వేర్ ఎంఎం వేయాల్సి రావచ్చు. కేబులు ఏ దారిన వస్తుందో చూడకుండా ఫోన్లోనే సైజు చెప్పేసే ఎలక్ట్రీషియన్‌ని నమ్మకండి.

హాబ్‌తో పాటు 3 కిలోవాట్ల ఓవెన్ కూడా అదే లైను మీద పెడితే మొత్తం 45 ఆంపియర్లు. అయినా 32 బ్రేకరు చాలంటారు, కంగారు పడకండి. ఇళ్లలో అన్నీ ఒకేసారి ఫుల్లుగా నడవవని లెక్క: మొదటి 10 ఆంపియర్లు పూర్తిగా, మిగతా 35లో 30 శాతం, కుక్కర్ స్విచ్చు (ఇక్కడ పొయ్యి లైనుకి గోడ మీద ఉండే పెద్ద స్విచ్చు) పక్కన సాకెట్ ఉంటే ఇంకో 5. అంతా కలిపి 26 లోపే. అయితే హాబ్ మాన్యువల్‌లో 40 అడిగితే దాని మాటే వినాలి, కేబులూ అందుకు తగ్గదే ఉండాలి.

అద్దె ఇల్లయితే మీరు చెయ్యి పెట్టకండి, లాండ్‌లార్డుకి ఈమెయిల్ పెట్టండి. ఇంగ్లండులో కనీసం ఐదేళ్లకోసారి వైరింగ్ తనిఖీ చేయించి, ఆ రిపోర్టు మీకివ్వడం వాళ్ల బాధ్యత. ఇంగ్లండ్, వేల్స్‌లో సొంత ఇంట్లో కొత్త లైను వేయిస్తే పార్ట్ పీ (బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో ఇంటి కరెంటు పనుల భాగం) కింద కౌన్సిల్‌కి నోటిఫై చేయాలి. ఎలక్ట్రీషియన్లను నమోదు చేసే ఎన్ఐసీఈఐసీ, నాపిట్ లాంటి సంస్థల్లో రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ అయితే ఆ పని ఆయనే చూసుకుంటారు. ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ రెండూ అడిగి తీసుకుని దాచండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటరు (లాయరు) వాటిని అడగొచ్చు.