క్యూజీఐఎస్‌లో వరద ముప్పు మ్యాప్ తయారుచేయడం ఎలా?

క్యూజీఐఎస్ అంటే మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. మ్యాప్ చూపాల్సింది నీరు ఎక్కడ చేరుతుందనా, ఎవరికి నష్టం జరుగుతుందనా? మొదటిది ముప్పు, రెండోది రిస్క్. జనాభా లేయర్‌ను (మ్యాప్‌లో ఒక పొర) మొదట్లోనే కలిపేస్తే, జనం తక్కువున్న లోతట్టు ప్రాంతాలు సురక్షితమైనవిగా కనిపిస్తాయి. ఇక్కడ చెబుతున్నది ముప్పు మ్యాప్ గురించే.

1. డేటా: ఎత్తులకు కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎమ్ (పిక్సెల్ పిక్సెల్‌కూ ఎత్తు చెప్పే డిజిటల్ నమూనా), వర్షానికి చిర్ప్స్ (1981 నుంచి రోజువారీ డేటా), నేల వాడకానికి వరల్డ్‌కవర్. అన్నీ ఉచితమే. పాలనా సరిహద్దు దగ్గర కత్తిరించవద్దు. ఎగువ నుంచి వచ్చే నీరు లెక్కలోకి రావాలంటే పరీవాహక ప్రాంతం మొత్తం ఉండాలి.

2. ప్రొజెక్షన్: డీఈఎమ్ డిగ్రీల్లో (అక్షాంశ, రేఖాంశాల పద్ధతి, కోడ్ ఈపీఎస్‌జీ 4326) వస్తుంది, ఎత్తులు మాత్రం మీటర్లలో ఉంటాయి. అలాగే స్లోప్ (వాలు) తీస్తే చదునైన నేల కూడా 90 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. కాబట్టి 'వార్ప్' టూల్‌తో యూటీఎమ్‌లోకి (భూమిని జోన్లుగా విడగొట్టి దూరాలను మీటర్లలో చెప్పే పద్ధతి) మార్చాలి. రేఖాంశానికి 180 కలిపి (పశ్చిమ రేఖాంశమైతే రుణ సంఖ్యగా తీసుకోవాలి) 6తో భాగించి, వచ్చిన పూర్ణాంకానికి 1 కలిపితే జోన్ నంబరు తెలుస్తుంది.

రీశాంప్లింగ్‌లో (కొత్త పిక్సెళ్లకు విలువలు తేల్చడం) ఎత్తులకు బైలీనియర్ (చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు), నేల వాడకానికి నియరెస్ట్ నైబర్ (దగ్గరి పిక్సెల్ విలువ) ఎంచుకోండి. వరల్డ్‌కవర్‌లో చెట్ల కోడ్ 10, కట్టడాల కోడ్ 50. ఈ రెండింటికీ సగటు తీస్తే 30 వస్తుంది, అది గడ్డి నేల కోడ్. ఊరి అంచున లేని పచ్చిక పుట్టుకొస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు కాబట్టి చాలామంది గమనించరు.

3. వాగులు: 'ఫిల్ సింక్స్' (డీఈఎమ్‌లోని గుంతలు నింపే టూల్) తర్వాత ఫ్లో అక్యుములేషన్ (ఒక్కో పిక్సెల్‌కు ఎగువన ఎన్ని పిక్సెళ్ల నీరు చేరుతుందనే లెక్క) తీయండి. 5,000 పిక్సెళ్ల హద్దు పెడితే 4.5 చదరపు కి.మీ. నేల నుంచి నీరు చేరే చోట నుంచి వాగు మొదలవుతుంది. వచ్చిన గీతలను ఉపగ్రహ చిత్రంపై పెట్టి చూడండి. రోడ్డు గట్టు కింద కల్వర్టు ఉన్నా డీఈఎమ్‌కు తెలియదు. గట్టును ఆనకట్టగా భావించి ఎగువన లేని చెరువును నింపేస్తుంది. అలాంటి చోట్ల కల్వర్టు ఉన్న పిక్సెళ్ల ఎత్తు తగ్గించి మళ్లీ నడపాలి. ఎంత విసుగొచ్చినా ఈ పని వదలొద్దు.

4. కలపడం: సముద్రమట్టం నుంచి ఎత్తు కన్నా, దగ్గరి వాగు నుంచి ఎత్తు ముంపును బాగా పట్టిస్తుంది. వర్షానికి ఏడాది సగటు కాకుండా, ఏటా ఒక్కరోజులో కురిసిన గరిష్ఠ వర్షం తీసుకోండి. అన్నింటినీ 0–1 మధ్యకు తెచ్చి, తక్కువ విలువ ఎక్కువ ముప్పును సూచించే లేయర్లను తిరగేసి, రాస్టర్ కాలిక్యులేటర్‌లో (పిక్సెళ్ల విలువలతో లెక్కలు చేసే టూల్) వెయిటేజీలతో కూడాలి. వాగు నుంచి ఎత్తుకు 0.4తో మొదలుపెట్టవచ్చు.

5. సరిచూడటం: సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ మేఘాల గుండా చూస్తుంది. పాత వరదకు ముందు, వరద సమయంలో తీసిన చిత్రాలు పోల్చండి. నీరు నల్లగా కనిపిస్తుంది. నున్నటి రన్‌వేలూ నల్లగానే ఉంటాయి కనుక ఒక్క చిత్రంతో నిర్ణయించవద్దు. ముంపు చాలావరకు ఎక్కువ ముప్పు రంగుల బయట పడితే వెయిటేజీలు మార్చే ముందు మూడో దశకు వెళ్లి వాగులు సరిచూడండి.

మ్యాప్ మీద '30 మీటర్ల పిక్సెల్, ఒక్కో ఇంటికి వర్తించదు' అని తప్పక రాయండి.