సేంద్రియ టమాటా: ఎత్తుమడి మీద నాటే పద్ధతి

మదనపల్లె వైపు ఎర్రనేలల్లో చదునుగా నాటి నీళ్లు పారిస్తే పైమట్టి అట్టకడుతుంది, వేళ్లకు గాలి ఆడదు. బాగా ఎండిన నేలకు ఒక్కసారిగా తడి పెడితే కాయ పగులుతుంది. డ్రిప్పు ఉన్నవాళ్లు ఎత్తుమడి చేసి పైన గడ్డి కప్పడమే మేలు. ఈ రెంటిలో ఒకటి చేసి ఒకటి వదిలేస్తే సగం ఫలితమే.

ముందు పచ్చిరొట్ట ఎరువుగా జనుమో జీలుగో చల్లి, పూత మొదలవగానే కలియదున్ని రెండు మూడు వారాలు మాగనివ్వాలి. మడి 3 అడుగుల వెడల్పు, 8–9 అంగుళాల ఎత్తు, నడవడానికి మధ్యలో అడుగున్నర. ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) వేయాలి. 2 కిలోల ట్రైకోడెర్మాను (తెగుళ్లను అణిచే మేలుచేసే శిలీంద్రం) 100 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ చల్లి, గోనెపట్టా కప్పి, పది రోజులు నీడలో ఉంచాక మడులపై చల్లాలి. పచ్చిపేడ వద్దు, వేరుపురుగు చేరుతుంది.

మడికి రెండు వరుసలు, మధ్య 2 అడుగులు; మొక్కకూ మొక్కకూ అడుగున్నర. 25 రోజుల నారును బీజామృతంలో (పేడ, గోమూత్రం, సున్నం కలిపిన ద్రావణం) వేళ్లు ముంచి సాయంత్రం నాటండి. కాండం మొదట్లో సన్నని బొడిపెలు కనిపిస్తాయి. మట్టి తగిలితే వాటి నుంచే కొత్త వేళ్లు వస్తాయి. అందుకే మొదటి ఆకుల దాకా లోతుగా పెట్టాలి. వంగ మీద అంటుకట్టిన నారుకు మాత్రం ఇది పనికిరాదు: అంటు మట్టికి పైనే ఉండాలి, లేకపోతే టమాటా కాండమే వేళ్లు వేసి ఎండుతెగులు తెచ్చుకుంటుంది.

16 వరుసలకు ఒక వరుస బంతి. బంతి నారు 40 రోజులదైతే రెండూ ఒకేసారి పూతకొచ్చి కాయతొలుచు పురుగు బంతికి మళ్లుతుంది.

నాటిన పది పన్నెండు రోజులకు వరిగడ్డి 3–4 అంగుళాల మందాన పరిచి, మొదలు చుట్టూ బెత్తెడు వదలాలి. గడ్డి ఆనితే మొదలు కుళ్లుతుంది. గడ్డిని మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుని ఆకులు పాలిపోతాయి, పైనే ఉంచండి. వానకు మట్టి చిందదు కాబట్టి ఆకుమాడు తెగులు తగ్గుతుంది. తేమ నిలకడగా ఉంటే కాల్షియం కాయకు అందుతుంది, అడుగున నల్లమచ్చ రాదు. తేమ సరిపోయిందో తెలియాలంటే గడ్డి తొలగించి 4 అంగుళాల లోతు మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి: ఉండ కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. పదిహేను రోజులకోసారి ఎకరాకు 200 లీటర్ల జీవామృతం (ఘనజీవామృతం సరుకులతోనే చేసే ద్రవ ఎరువు) ఇవ్వండి. డ్రిప్పులో వదిలేముందు గుడ్డతో రెండుసార్లు వడగట్టకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి.

పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాలితే కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టండి. పాలలాంటి సన్నని ధార దిగిందంటే బాక్టీరియా ఎండుతెగులే. ఆ మొక్కను వేళ్లతో సహా పీకి పొలం బయట తగలబెట్టాలి, ఎరువుగుంతలో వేయకూడదు.

కోతలయ్యాక ఆరోగ్యంగా ఉన్న మొక్కల్ని నేలమట్టానికి కోసి వేళ్లు మట్టిలోనే వదలండి, మడి దున్నొద్దు. రెండు మూడేళ్లు వంగ, మిరప, బంగాళాదుంప అక్కడ వేయకుండా జొన్నో మొక్కజొన్నో వేసుకోండి.